చివరి కొళాయి దగ్గర చూడండి

ఊరి నీళ్ల పథకం బాగుందో లేదో ట్యాంకు కింద నిలబడితే తెలీదు. లైను చివరనున్న ఇంటి కొళాయి చెబుతుంది. గ్రామ నీటి, పారిశుధ్య కమిటీ వారానికోసారైనా వెళ్లాల్సింది అక్కడికే.

నీళ్లలో క్రిములు చావడానికి వేసేది బ్లీచింగు పొడి. 25 శాతం క్లోరిన్ ఉన్న పొడి వెయ్యి లీటర్లకు 4 గ్రాములు వేస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ వస్తుంది. అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకు 160 గ్రాములు. గుప్పెళ్లతో వేయకండి, తూచండి. ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దచేసి, మరిన్ని నీళ్లు పోసి కలిపి, పది నిమిషాలు తేరనివ్వండి. అడుగున దిగిన సున్నం వదిలేసి, పైతేట మాత్రమే ట్యాంకు నిండుతుండగా పోయండి. ట్యాంకు నిండాక అరగంట ఆగి వాల్వు తిప్పండి. మూతి విప్పి వదిలేసిన బస్తాలో పొడి తేమకు గడ్డకడుతుంది, ఘాటు పోతుంది. అలాంటిది ఎంత వేసినా పనిచేయదు.

నీళ్లలో మిగిలిన క్లోరిన్ కొలిచే చిన్న పరికరం క్లోరోస్కోపు. అందులో కొళాయి నీళ్లు పట్టి, ఆర్థోటాలిడిన్ అనే మందు చుక్కలు వేసి, పది సెకన్లలోపే పసుపు రంగు పోల్చండి. చివరి కొళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము క్లోరిన్ ఉండాలి. మొదటి కొళాయిలోనూ లేకపోతే మోతాదు చాలలేదు, లేదా పొడి పాతది. మొదట 0.5 ఉండి చివర ఏమీ లేకపోతే మధ్యలో ఎక్కడో మురికి కలుస్తోంది. వాల్వు వాల్వుకీ పరీక్షిస్తూ రండి. మురికి కలిసే చోటు చాలామటుకు మురుగు కాలువ దాటే పైపు దగ్గరే దొరుకుతుంది. సరఫరా ఆగగానే పైపు ఖాళీ అయి, పగులులోంచి కాలువ నీళ్లు లోపలికి లాక్కుంటుంది. ఆ ముక్క మార్చి, పైపును కాలువ మీదుగా ఎత్తి వేయించండి. మురుగు నిలిచిన వాల్వు గుంతలు కూడా అంతే ప్రమాదం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటరు అద్దె మాట తుపాను కాలానికి ముందే తేల్చుకోండి. కరెంటొచ్చాక మొదటి నీళ్లు వాష్‌అవుట్ వాల్వు (పైపు కడిగిన నీళ్లు బయటికి వదిలే వాల్వు) నుంచి వదిలేసి, ఆ రోజు మోతాదు రెట్టింపు చేయండి.

డబ్బు మాట కూడా సూటిగా మాట్లాడుకోవాలి. 200 గడపల ఊరిలో ఇంటికి నెలకు 50 రూపాయలంటే 10,000. ఆపరేటరు జీతం పోను మిగిలింది విడి ఖాతాలో ఉండాలి. మోటారు కాలిన రోజు చందాలకు తిరిగితే ఊరు వారం దాహంతో ఉంటుంది. స్టార్టరులో సింగిల్ ఫేజ్ ప్రివెంటరు పెట్టిస్తే ఒక ఫేజు పోయినప్పుడు మోటారు కాలదు.

ఆపరేటరు మారితే వాల్వులెక్కడున్నాయో కొత్తవాడికి తెలీదు. వాల్వుల పటం, తేదీ, వేసిన గ్రాములు, మొదటి, చివరి కొళాయిల క్లోరిన్ రీడింగు ఉన్న పుస్తకం సచివాలయంలో ఉంచండి.