వికీలో మన జిల్లా పేజీలు దిద్దేవాళ్లకు

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖ జిల్లా మూడైంది. అనకాపల్లి ఒక జిల్లా, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు ఇంకో జిల్లా, మిగిలింది విశాఖపట్నం. ఆ రోజుతో తెలుగు వికీపీడియాలో మన వైపు ఊళ్ల పేజీలు, మండలాల పేజీలు, గుళ్లూ కొండల పేజీలు ఒక్కసారిగా పాతబడ్డాయి. చాలావాటిని సరిచేశారు. అయినా ఏదో ఒక మూల పాత జిల్లా పేరు ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది. వికీలో రాయడం ఎలా మొదలుపెట్టాలని ఎవరడిగినా నేను ఈ పనే చూపిస్తాను. కొత్త వ్యాసం సంగతి తర్వాత. ముందు ఉన్నదాన్ని దిద్దడం చేతికి రావాలి.

నేను విశాఖలో ఒక ఆఫీసు రికార్డు సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇల్లు సీతమ్మధారలో. పొద్దున్న కాఫీ తాగి కంప్యూటరు తెరిస్తే మొదట చూసేది వికీయే.

ఖాతా తెరవకుండానే దిద్దవచ్చు గానీ, తెరవండి. సొంత పేరే పెట్టాలని లేదు. షాపు పేరో కంపెనీ పేరో మాత్రం పెట్టకండి, ప్రచారానికి వచ్చారనుకుంటారు. బొత్తాలు ఏమిటో అర్థం కాకపోతే ప్రయోగశాల అనే పేజీ ఉంటుంది, అక్కడ ఎంత పాడుచేసినా ఎవరూ ఏమీ అనరు.

ఇక అసలు పని. అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండ లాంటి ఒక పేజీ తీసుకోండి. మొదటి వాక్యంలో జిల్లా పేరు మార్చేసి పనైపోయిందనుకుంటారు చాలామంది. కుడివైపు సమాచారపెట్టెలో జిల్లా పేరు వేరుగా ఉంటుంది, అదీ మార్చాలి. పేజీ అడుగున వర్గాలుంటాయి. అక్కడ పాత జిల్లా వర్గం తీసి అనకాపల్లి జిల్లా వర్గం పెట్టకపోతే ఆ పేజీ పాత గుంపులోనే కూర్చుంటుంది. పేజీ మధ్యలో 'జిల్లా కేంద్రం నుంచి ఇన్ని కిలోమీటర్లు' అన్న మాట ఉంటే దాన్నీ చూడాలి, ఎందుకంటే కేంద్రమే మారింది. ఇవన్నీ చూసుకుని, మార్చాక పేజీ ఎలా ఉంటుందో ముందే చూపించే మునుజూపు బొత్తాం నొక్కి, ఒకసారి పైనుంచి కిందికి చదివి, అప్పుడు ప్రచురించాలి.

మార్చకూడనివీ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో విశాఖపట్నం జిల్లా జనాభా 42,90,589. అది ఉమ్మడి జిల్లా లెక్క. దాన్ని ఇప్పటి చిన్న జిల్లాకు అంటగడితే తప్పు, ఉమ్మడి జిల్లాదని చెప్పకుండా వదిలేసినా తప్పే. మనుషుల జీవితచరిత్రల్లో ఇంకా జాగ్రత్త కావాలి. ఒకాయన 1960లో చోడవరంలో పుట్టారంటే ఆయన పుట్టింది విశాఖపట్నం జిల్లాలోనే. 'అప్పటి విశాఖపట్నం జిల్లా, ఇప్పటి అనకాపల్లి జిల్లా' అని రాస్తే రెండు జిల్లాలకూ న్యాయం జరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. అంతకుముందు పుట్టినవాళ్ల పేజీలు దిద్దేటప్పుడు ఈ రెండు సంవత్సరాలు మనసులో పెట్టుకోండి.

ప్రచురించే ముందు సారాంశం అని ఒక చిన్న పెట్టె కనబడుతుంది. దయచేసి దాన్ని ఖాళీగా వదలకండి. ఆఫీసు ఫైలులో నోట్ షీట్ ఎలాంటిదో ఇదీ అలాంటిదే: ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో పదేళ్ల తర్వాత చూసేవాడికి కూడా తెలియాలి. 'సవరణ' అని రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. '2022 పునర్విభజన ప్రకారం జిల్లా పేరు, వర్గం మార్చాను' అని రాయండి. చరిత్ర బొత్తాం నొక్కినప్పుడు ఆ ఒక్క ముక్కే మీ తరఫున మాట్లాడుతుంది.

ఆధారాల దగ్గరే కుర్రాళ్లకు కోపం వస్తుంది. ద్వారకానగర్ లైబ్రరీ దగ్గర ఒక కుర్రాడు నన్ను నిలదీశాడు. "ఏటండీ, మా ఊరి సంగతి మాకు తెలీదా? పేపర్లో వస్తేనే నిజమా?" నేనన్నాను, "నీకు తెలుసు బాబూ. ఎక్కడో వరంగల్‌లో కూర్చుని చదివేవాడికి నువ్వెవరో తెలీదు కదా. వాడు తనంతట తాను చూసుకోవడానికి ఒక కాగితం చూపించాలి." ఊరు తెలిసినవాడి గొప్పతనం ఆ కాగితం ఎక్కడ దొరుకుతుందో తెలియడంలో ఉంది. దినపత్రికల జిల్లా ఎడిషన్లు, జనాభా లెక్కల పుస్తకాలు, 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజెటీర్, యూనివర్సిటీ సిద్ధాంత గ్రంథాలు, ఇవన్నీ పనికొస్తాయి. పనికిరానిది వికీనుంచే ఎత్తుకుని రాసిన వెబ్‌సైటు. వికీ పేజీ చరిత్రలో ఆ వాక్యం ఎప్పుడు చేరిందో చూడండి. వెబ్‌సైటు వ్యాసం ఆ తర్వాతి తేదీతో ఉండి, మాటకు మాట అదే అయితే, దాన్ని ఆధారంగా పెట్టకండి.

బొర్రా గుహల సంగతి చెప్తాను. వీటిని 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ జార్జ్ కనిపెట్టాడని చాలాచోట్ల రాస్తారు. జియలాజికల్ సర్వే పుట్టిందే 1851లో! సంవత్సరమైనా తప్పు కావాలి, ఆ సంస్థ పేరైనా తప్పు కావాలి. ఇలాంటిది కంటబడితే ఏం చేయాలి? కొట్టేయకండి. మీ ఊహ ప్రకారం ఇంకో సంవత్సరమూ వేయకండి, సొంత పరిశోధనకు వికీలో చోటు లేదు. ఆ వాక్యం పక్కన 'ఆధారం కావాలి' అనే మూస (వికీలో ముందే తయారుచేసి ఉంచిన గుర్తు) పెట్టి, చర్చా పేజీలో ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసి, నాలుగు టిల్డాలతో (~~~~) సంతకం చేయండి. గుహల మీద పాత రిపోర్టు చూసినవాళ్లెవరో వచ్చి తేల్చేదాకా ఆ ప్రశ్న అక్కడ ఉండాలి. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం. తప్పు అంకె ఒకటి వికీలో నిలిచిపోతే పిల్లల ప్రాజెక్టు పుస్తకాల దాకా వెళ్లిపోతుంది.

ప్రకటన వచ్చిన రోజే పని పూర్తయినట్టు రాసేవాళ్లూ ఉన్నారు. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. అప్పుడు రాయాల్సింది 'ప్రకటించారు' అనే, 'ఏర్పడింది' అని కాదు. పొగడ్తల విషయంలోనూ ఇంతే. కురుసుర జలాంతర్గామి గురించి 'అత్యద్భుతం, తప్పక చూడవలసినది' అని రాయనక్కర్లేదు. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది, 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంది అంటే చాలు.

ఫొటోలు మీరు తీసినవే ఎక్కించండి, గూగుల్‌లో దొరికినవి వద్దు. బీచ్ రోడ్డులో శాశ్వతంగా నిలిపిన విగ్రహాన్ని ఫొటో తీసి, వికీ ఫొటోలు దాచే కామన్స్ సైటులో పెట్టవచ్చు, మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అందుకు ఒప్పుకుంటుంది. గోడల మీది బొమ్మలకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఎంత బాగున్నా, ఆ బొమ్మే ప్రధానంగా తీసిన ఫొటో పెట్టకండి.

పేజీ పేరు విషయంలో తెలుగుకే ఉన్న చిక్కు ఒకటుంది. 'ఫుట్‌బాల్' అని రాసేటప్పుడు ట, బ ఒకదానికొకటి అతుక్కోకుండా కంటికి కనబడని ఒక అక్షరం మధ్యలో పడుతుంది. అది ఉన్న పేరు వేరు, లేని పేరు వేరు. అందుకని పేజీ లేదనుకుని కొత్తది సృష్టించే ముందు రెండు రకాలుగానూ వెతకండి. దొరక్కపోతే రాయండి, రెండో పేరుతో వెతికినవాళ్లూ అదే పేజీకి చేరేలా దారిమార్పు పెట్టండి.

మీరు దిద్దిన పేజీలను వీక్షణ జాబితాలో చేర్చుకోండి, తర్వాత వాటిలో ఎవరేం మార్చినా అక్కడ కనబడుతుంది. ఎవరైనా మీ మార్పును వెనక్కి తిప్పేస్తే మళ్లీ అదే మార్పు చేయకండి, టెన్షన్ పడకండి. ముందు వాళ్ల సారాంశం చదవండి. అప్పటికీ మీదే సరైనదని తోస్తే చర్చా పేజీలో మీ ఆధారం పెట్టి, 'ఇది చూసి మీ అభిప్రాయం చెప్పగలరా' అని, వాళ్ల పేరుకు 'గారు' చేర్చి అడగండి. కొన్ని రోజులు చూసినా జవాబు రాకపోతే, లింకుతో సహా రచ్చబండలో, అంటే వికీలో అందరూ మాట్లాడుకునే పేజీలో రాయండి, అక్కడ పాతకాపులు చూస్తారు.