నల్లగొండ, పాలమూరు దిక్కు బిల్డింగ్ క్లీనింగ్ బిజినెస్ చేసేటోళ్లకు: ఖాళీ క్యాన్లు, కెమికల్ గుడ్డలకు పీసీబీ (పొల్యూషన్ కంట్రోల్ బోర్డు) ఆథరైజేషన్ ఎట్ల అప్లై చెయ్యాలె

గోడలు కడుగుడు, స్లాబు మీద పాచి తీసుడు, సోలార్ ప్యానెళ్లు, పెట్రోల్ బంకుల ఫ్లోర్లు, మిర్యాలగూడ రైస్ మిల్లుల షెడ్లు, జడ్చర్ల దిక్కు ఫ్యాక్టరీలు, ఇప్పుడు ఈ పని మస్తు దొరుకుతుంది. ప్రెషర్ వాషర్ ఒకటి, ట్రాలీ ఆటో మీద నీళ్ల ట్యాంకు ఒకటి ఉంటే మొదలుపెట్టొచ్చు. కానీ పని అయినంక మన చేతుల మిగిలేవి, అంటే యాసిడ్ క్యాన్లు, హైపో (బ్లీచింగ్ ద్రావణం) డ్రమ్ములు, థిన్నర్ తుడిచిన గుడ్డలు, మిషన్ ఇంజన్ ఆయిల్, ఇవి ఎటు పోవాలె అని ఎవ్వరూ చెప్పరు. అందుకే ఈ అప్లికేషన్ సంగతి కొంచెం వివరంగనే రాస్తున్న.

ముందు ఒక మాట. మన దగ్గర చాలా ఊర్లల్ల బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్, అందుకే ఇంటింటికి క్యాన్లు, నీలం డ్రమ్ములు పెట్టుకొని తాగే నీళ్లు పట్టుకుంటరు. మనం ఖాళీ కెమికల్ డ్రమ్ము పాత సామాన్ల షాపుకు అమ్మితే వాళ్లు దాన్ని పైపైన కడిగి మళ్లీ అమ్ముతరు, కొనేటోళ్లకు అందుల ముందు ఏం ఉండేనో తెల్వదు, స్టిక్కర్ చింపేసినంక ఏ డ్రమ్ము ఐనా ఒక్క తీరే కనిపిస్తది. నాకు ఈ మొత్తం వ్యవహారంల అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే. వంద, రెండొందల కోసం ఆ డ్రమ్ము ఇయ్యకండి.

రూల్ ఏంటిదంటే, 2016ల కేంద్రం తెచ్చిన ప్రమాదకర వ్యర్థాల రూల్స్ ఉన్నయ్. వాటి షెడ్యూల్ 1ల 33.1 కింద కెమికల్ అంటిన ఖాళీ డ్రమ్ములు, క్యాన్లు, 33.2 కింద కెమికల్ అంటిన గుడ్డలు, 5.1 కింద వాడిన ఆయిల్ వస్తయ్. ఇవి మన గోడౌన్‌ల పుడుతున్నయ్ అంటే మనమే బాధ్యులం, పీసీబీ నుంచి ఆథరైజేషన్ తీసుకోవాలె (కొందరికి మినహాయింపు ఉంది, కింద కన్సెంట్ దగ్గర చెప్పిన). మామూలు చెత్త, అంటే అట్టపెట్టెలు, కెమికల్ అంటని ప్లాస్టిక్ కవర్లు, వాటికి ఇది అక్కర్లేదు, పొడి చెత్త కింద మున్సిపాలిటీ బండికి గానీ, మీ టౌన్‌ల ఉంటే డ్రై రిసోర్స్ సెంటర్‌కు (పొడి చెత్త వేరు చేసే కేంద్రం) గానీ ఇచ్చేయొచ్చు.

పీసీబీ దగ్గరికి పోయే ముందు బిజినెస్ కాగితాలు సక్కగ ఉండాలె. ఉద్యమ్ (చిన్న బిజినెస్‌ల గవర్నమెంట్ రిజిస్ట్రేషన్) ఆధార్, పాన్ తోటి ఆన్‌లైన్‌ల ఫ్రీగ ఐతది, డబ్బులు అడిగే సైట్ కనిపిస్తే అది గవర్నమెంట్‌ది కాదు అని అర్థం. అందుల యాక్టివిటీ కోడ్ అడిగినప్పుడు 8129 చూసుకోండి, బిల్డింగుల బయటి క్లీనింగ్ అందులనే వస్తది. గోడౌన్ మున్సిపాలిటీల ఉంటే ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలె, దానికి రెంట్ అగ్రిమెంట్, ప్రాపర్టీ ట్యాక్స్ రశీదు అడుగుతరు. సర్వీసుల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ కూడా తప్పదు.

తర్వాత కన్సెంట్, అంటే నీళ్లు, గాలి కాలుష్యం చట్టాల కింద పీసీబీ ఇచ్చే పర్మిషన్. ఆథరైజేషన్ అప్లికేషన్‌కు కన్సెంట్ కాపీలు జత చెయ్యమని రూల్ ఉంది, కాబట్టి మన యూనిట్ ఏ కేటగిరీ కిందికి వస్తది అనేది ముందే తేల్చుకోవాలె. రెడ్, ఆరెంజ్, గ్రీన్, వైట్ అని ఉంటయ్, వైట్ ఐతే కన్సెంట్ అక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలు. కన్సెంట్ అక్కర్లేనోళ్లకు 2019 సవరణ తోటి ఈ ఆథరైజేషన్ కూడా అక్కర్లేదు, కానీ వ్యర్థం మాత్రం ఆథరైజేషన్ ఉన్నోళ్లకే ఇయ్యాలె. మనలాంటి బిజినెస్‌ల ఒకడు కేవలం కస్టమర్ ఇంటికాడనే కడుగుతడు, ఇంకొకడు సొంత యార్డుల బండ్లు, మిషన్లు కూడా కడుగుతడు, ఇద్దరి లెక్క ఒకటి కాదు. అందుకే నోటి మాట మీద వదిలెయ్యకుండ మీ ఏరియా చూసే పీసీబీ రీజినల్ ఆఫీసుకు (నల్లగొండ జిల్లా వాళ్లకైతే నల్లగొండలనే ఉంది) ఒక లెటర్ రాయండి: మేము చేసే పని ఇది, వాడే కెమికల్స్ ఇవి, నీళ్లు ఇన్ని, గోడౌన్ ఇక్కడ, కేటగిరీ చెప్పండి అని. రిసీవ్డ్ స్టాంపు కొట్టించుకొని కాపీ దగ్గర పెట్టుకోండి. కన్సెంట్ కావాలంటే టీజీ ఐపాస్‌ల (రాష్ట్ర గవర్నమెంట్ పర్మిషన్ల పోర్టల్) అప్లై చేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు ఫారం. ఆథరైజేషన్‌కు ఫారం 1, పీసీబీ ఆన్‌లైన్ పోర్టల్‌ల నింపాలె. పేరు, అడ్రస్ ఐనంక దేనికోసం ఆథరైజేషన్ అని అడుగుతది, మనకు జనరేషన్, స్టోరేజ్ సరిపోతయ్, రీసైక్లింగ్ టిక్ పెట్టకండి, మనం రీసైకిల్ చేస్తలేం, చేసేటోళ్లకు ఇస్తున్నం. ఆ తర్వాత ఏడాదికి ఎంత వ్యర్థం, ఒక టైంల ఎంత స్టాక్ ఉంటది అని రెండు లెక్కలు ఉంటయ్. ఇక్కడనే చాలా మంది అంచనాగ ఏదో ఒకటి రాస్తరు. అట్ల చెయ్యకండి. అప్లై చేసే ముందు ఒకటి రెండు నెలలు గోడౌన్ గోడకు ఒక నోట్‌బుక్ తగిలించి పనోళ్లతోటి రోజూ రాపియ్యండి, ఏ క్యాన్ ఖాళీ ఐంది, గుడ్డలు ఎన్ని కిలోలు అని. ఉదాహరణకు నెలకు 20 క్యాన్లు ఖాళీ ఐతయ్, ఒక్కోటి కిలోన్నర ఉంది అనుకుందాం, నెలకు 30 కిలోలు, ఏడాదికి 360 కిలోలు. ఫారంల టన్నులల్ల రాయాలె, అంటే 0.36. అక్కడ 360 అని కొడితే పెద్ద ఫ్యాక్టరీ లెక్క ఐతది, ఎందుకొచ్చిన తిప్పలు, ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

స్టోరేజ్ గురించి అడుగుతరు, వచ్చి చూస్తరు కూడా. పైన రేకో స్లాబో ఉండాలె, కింద సిమెంటు గచ్చు, చుట్టూ చిన్న కట్ట, కారినా బయటికి పోవద్దు. యాసిడ్ ఒక మూలకు, హైపో ఇంకో మూలకు పెట్టాలె, ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తది, మూసిన గదిల అది ప్రాణం మీదికి తెస్తది. ఖాళీ క్యాన్లల్ల అడుగున మిగిలిన చుక్కలు కూడా ఒక దాంట్ల ఒకటి వంపొద్దు. వ్యర్థం పెట్టిన డ్రమ్ము మీద పసుపు లేబుల్, దాని మీద ఎర్ర అక్షరాలు, తెలుగుల కూడా రాయాలె, ఇది ఫారం 8. వ్యర్థం 90 రోజులకు మించి పెట్టుకోవద్దు, ఏడాదికి పది టన్నుల లోపు ఉన్న చిన్నోళ్లకు బోర్డు 180 రోజుల దాకా పొడిగించొచ్చు, కానీ అది అడిగి తీసుకోవాలె, దానంతట అది రాదు.

ఇవన్నీ ఎటు పంపుతరు అని కాలమ్ ఉంటది. గుడ్డలు, కడగలేని క్యాన్లు హైదరాబాద్ పక్కన దుండిగల్‌ల ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి, వాళ్లతోటి ఒప్పందం పత్రం జత చెయ్యాలె. ఆయిల్ ఐతే ఆథరైజేషన్ ఉన్న రీసైక్లర్‌కు. క్యాన్లకు ఇంకో మంచి దారి ఉంది, కెమికల్ సప్లయర్‌నే ఖాళీవి వాపస్ తీసుకొమ్మని అడగండి, అదే క్యాన్ల మళ్లీ అదే మాల్ నింపుకుంటడు. నా లెక్కల ఇదే అన్నిటికన్నా మేలు, ఇద్దరికీ ఖర్చు తగ్గుతది, వ్యర్థమే పుట్టదు. ఐనా క్యాన్ ఖాళీ ఐనప్పుడే మూడుసార్లు నీళ్లతోటి గిలకరించి ఆ నీళ్లు సైట్ మీదనే అదే కెమికల్ మిక్సింగ్‌ల వాడుకోవాలె, మోరీల పొయ్యొద్దు.

కడిగిన నీళ్ల సంగతి కూడా ఇన్‌స్పెక్షన్‌ల వస్తది. బయటికి వదిలే నీళ్ల పీహెచ్ (నీళ్లు ఎంత పులుపో, ఎంత క్షారమో చెప్పే లెక్క) 5.5 నుంచి 9 మధ్య ఉండాలె. యాసిడ్ పని ఐతే నీళ్లు గుంతలనో టబ్బులనో ఆపి సున్నం కొద్దికొద్దిగ కలిపి పీహెచ్ స్ట్రిప్ ముంచి చూడాలె, మోరీ నీళ్లు చివరికి ఏదో ఒక చెరువులనే కలుస్తయ్ కదా. పాత ఆస్‌బెస్టాస్ రేకులు మాత్రం ప్రెషర్ తోటి అస్సలు కొట్టొద్దు, పోగులు గాలిల లేసి ఊపిరితిత్తులల్ల పడతయ్, ఆ రేకు ముక్కలు కూడా ఇదే షెడ్యూల్‌ల ఉన్నయ్. ఫ్యాక్టరీల పని పడితే అక్కడ పుట్టిన గుడ్డలు, క్యాన్లు వాళ్ల ఆథరైజేషన్ కిందనే పోతయ్ అని వర్క్ ఆర్డర్‌లనే రాపించుకోండి, మన ఆటోల వేసుకొని రావొద్దు.

అన్నీ సక్కగ ఉంటే 120 రోజుల లోపు ఫారం 2, అంటే ఆథరైజేషన్ పత్రం, ఇవ్వాలని రూల్, అది 5 ఏండ్లు నడుస్తది. వచ్చినంక ఫారం 3 వ్యర్థాల లెక్క రిజిస్టర్ రాసుడు మొదలుపెట్టాలె, ముందే గోడకు నోట్‌బుక్ తగిలించినోళ్లకు ఇది కొత్త పని కాదు. మాల్ పంపిన ప్రతిసారి ఫారం 10 మానిఫెస్ట్ (వ్యర్థం వెంట పోయే చలానా), ఏడు రంగుల కాపీలు, లారీ డ్రైవర్ సంతకం చేసినంక పసుపు కాపీ మన దగ్గర ఉంటది, అక్కడ దించుకున్నంక నీలం కాపీ మనకు వాపస్ రావాలె. రాకపోతే ఫోన్ చేసి అడగండి, మాల్ దారిల ఎక్కడన్న పారబోస్తే దొరికేది మన పేరే. ఫారం 4 యాన్యువల్ రిటర్న్ ప్రతి ఏడాది జూన్ 30 లోపు, అంతకుముందు మార్చితోటి ముగిసిన ఏడాది లెక్కకు.