సంగీత నాటకం సినిమా అయినప్పుడు: పాత్రధారుల ఎంపికను, దృశ్యాలను తూచి అభిప్రాయం రాయడం ఎలా

రంగస్థలం మీద పేరు తెచ్చుకున్న ఒక సంగీత నాటకాన్ని సినిమాగా తీస్తున్నారన్న వార్త రాగానే అభిమానుల మాటలన్నీ రెండు విషయాల చుట్టూ తిరుగుతాయి. ఏ పాత్రను ఎవరికి ఇచ్చారన్నది ఒకటి, అది తెర మీద ఎలా కనబడుతోందన్నది రెండవది. న్యూయార్కులోని నాటకశాలల వీధి బ్రాడ్వే పాటలను చెవిలో పెట్టుకుని వినే యువతీ యువకులు నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఇప్పుడు తక్కువేమీ కాదు. తిరునాళ్లలో తెల్లవారేదాకా పద్యనాటకం విన్న పెద్దలు కూడా ఆ ఇళ్లలోనే ఉన్నారు. ఈ రెండు తరాలకూ పనికివచ్చేలా, అటువంటి సినిమా మీద అభిప్రాయం ఎలా ఏర్పరచుకోవాలో, దానిని ఎలా రాయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొట్టమొదట మీ కొలమానం ఏమిటో మీరు తేల్చుకోవాలి. ఆకుపచ్చ మేనిఛాయ గల మంత్రగత్తె కథగా 2003లో బ్రాడ్వేలో మొదలైన 'వికెడ్' నాటకాన్ని మన జిల్లాల నుంచి వెళ్లి చూసినవారు బహు కొద్దిమంది. మిగిలినవారికి తెలిసినది అందులో మొదట నటించిన ఇడీనా మెంజెల్, క్రిస్టిన్ చెనోవెత్ పాడిన రికార్డింగు, ఫోనులో చూసిన కొన్ని తునకలు. కాబట్టి 2024 నవంబరులో విడుదలైన సినిమాలో సింథియా ఎరివో, అరియానా గ్రాండే ఎలా ఉన్నారో రాసేటప్పుడు, "నేను నాటకం చూడలేదు, పాటలు మాత్రమే విన్నాను" అన్న ఒక్క వాక్యం ముందుగా రాయండి. అది రాయకపోతే, చదివేవారికి మీరు నాటకం తరఫున మాట్లాడుతున్నారో, మీకు అలవాటైన గొంతు తరఫున మాట్లాడుతున్నారో బోధపడదు. నా మటుకు, సగం తగాదాలు ఈ వాక్యం లేకపోవడం వల్లనే వస్తున్నాయి.

నెల్లూరు టౌన్‌హాలులోనో, ప్రకాశం జిల్లా పల్లెల్లో వేసిన పందిరి కిందనో పద్యనాటకం చూసినవారికి ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. ఒకే రాత్రి, ఒకే నాటకంలో ఒకటవ కృష్ణుడు ఒకరు, రెండవ కృష్ణుడు మరొకరు. పడక సీనులో "బావా, ఎప్పుడు వచ్చితీవు" అని పలకరించిన కృష్ణుడు రాయబారం నాటికి వేరొకరి ముఖంతో వస్తాడు. కిరీటం అదే, పింఛం అదే, ముఖాన పూసిన నీలం కూడా అదే, గొంతు మాత్రం వేరు. ప్రేక్షకుడు లేచి "ఈయన కృష్ణుడు కాదు" అని అనడు. హార్మోనియం శ్రుతి అందించి, వచ్చినాయన రాగం ఎత్తుకునేదాకా ఆగుతాడు. నచ్చితే వన్స్‌మోర్ అంటాడు, నచ్చకపోతే టీ తాగడానికి లేస్తాడు. పాత్ర ఒక్క నటుడి సొత్తు కాదన్న ఈ అవగాహన బ్రాడ్వేకీ కొత్తది కాదు. ఏళ్ల తరబడి నడిచే నాటకంలో ముఖ్యపాత్రధారులు అక్కడా మారుతూనే ఉంటారు. సినిమాలో కొత్త ముఖం కనబడగానే ఉలిక్కిపడకుండా ఉండటానికి ఈ అలవాటును గుర్తు చేసుకుంటే చాలు.

తరువాత చేయవలసినది, "సరిపోలేదు" అన్న మాటను విడదీయడం. దీనికి మన నాట్యశాస్త్రం చెప్పిన ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అనే నాలుగు అభినయాలకు మించిన సాధనం నాకు కనబడలేదు. మీకు నచ్చనిది నటి నడకా, గొంతా, వేషమా, భావమా అని ప్రశ్నించుకుంటే, ఫిర్యాదు దానంతట అదే సూటిగా మారుతుంది. రంగస్థలం ఆంగికాన్నీ వాచికాన్నీ పెద్దవి చేసి చూపుతుంది, ఎందుకంటే చివరి వరుసలో కూర్చున్నవారికి కనురెప్పల కదలిక కనబడదు. కెమెరా అందుకు విరుద్ధంగా సాత్త్వికాన్ని పట్టుకుని, పెద్ద చేష్టలను అతిగా చూపుతుంది. అందుచేత రంగస్థలం మీద గొప్పగా నటించినవారే తెర మీదా ఉండాలన్న వాదన ప్రతిసారీ నిలవదు.

వీటిలో వాచికం సంగతి అన్నిటికంటే చిక్కైనది, తెలుగువారికి మరీను. 1964లో 'మై ఫెయిర్ లేడీ' సినిమా తీసినప్పుడు, బ్రాడ్వేలో అందులోని నాయిక పాత్రకు ప్రాణం పోసిన జూలీ ఆండ్రూస్‌ను కాదని ఆడ్రీ హెప్‌బర్న్‌ను తీసుకున్నారు. హెప్‌బర్న్ పాటలలో అధికభాగం మార్నీ నిక్సన్ గొంతుతో వినబడ్డాయి. హెప్‌బర్న్ పేరు ఆస్కార్ జాబితాలోకే రాలేదు; ఆ ఏడాది ఉత్తమ నటి బహుమతి మరొక సినిమాకు జూలీ ఆండ్రూస్‌కు దక్కింది. వేరొకరి గొంతు వాడటం అక్కడ ఒక లోటుగా చూశారు. మనకు అది లోటు కాదు. 1960లో వచ్చిన 'శ్రీకృష్ణ రాయబారం'లో రంగస్థల కృష్ణుడైన ఈలపాట రఘురామయ్యే కృష్ణుడు, ఆయన పద్యాలు ఆయన గొంతులోనివే. 1967 నాటి 'శ్రీకృష్ణావతారం'లో తిరుపతి వేంకట కవుల పద్యాలకు రూపం ఎన్.టి. రామారావుది, గొంతు ఘంటసాలది. అందులో తెలుగు ప్రేక్షకుడికి ఏ లోటూ కనబడలేదు. నాటకాభిమానికి వెలితిగా తోచింది మరొకటి: రంగస్థలం మీద నిమిషాల తరబడి సాగే రాగాలాపన తెర మీద బాగా కుదించుకుపోయింది. కాబట్టి గొంతు గురించి రాసేటప్పుడు మీ అభ్యంతరం గొంతు ఎవరిదన్న దాని మీదా, ఎంతసేపు పాడనిచ్చారన్న దాని మీదా అన్నది స్పష్టం చేయండి.

పాట ఎక్కడ పాడారో కూడా తెలుసుకుని రాయడం మంచిది. 2012లో వచ్చిన 'లే మిజరబుల్స్'లో నటులు ముందుగా రికార్డు చేసిన పాటకు పెదవులు కలపలేదు. చెవిలో పియానో వింటూ సెట్టు మీదే పాడారు. ఆన్ హాథవే ఏడుస్తూ పాడిన పాట ఆమెకు ఆస్కార్ తెచ్చిపెట్టింది. అదే పద్ధతిలో పాడిన రసెల్ క్రో గొంతు మీద మాత్రం విమర్శలు వచ్చాయి. శ్రుతి తప్పిందని రాసేముందు, అక్కడ దర్శకుడు శ్రుతిని కోరాడా, ఏడుపును కోరాడా అని ఆలోచించాలి. (1935లో మన నెల్లూరువాడైన పి. పుల్లయ్య 'హరిశ్చంద్ర' తీసిన రోజుల్లో నేపథ్యగానం లేదు. పాడలేనివారికి పాత్ర ఇచ్చే వీలే లేదు.)

వయసు విషయం తేలికగానే తేలుతుంది. బడి పిల్లవాడి పాత్రను బ్రాడ్వేలో పోషించి మెప్పు పొందిన బెన్ ప్లాట్, 2021లో 'డియర్ ఇవాన్ హాన్సెన్' సినిమాలో అదే పాత్ర వేస్తే, పిల్లవాడిలా లేడని అందరూ అన్నారు. నటుడు అతడే, గొంతు అతడిదే. రంగస్థలం మీద వయసును దాచింది దూరం. కెమెరా ఆ దూరాన్ని తీసివేసింది.

జాతి, వర్ణం అంతకంటే జాగ్రత్తగా రాయవలసిన విషయాలు. 1961 నాటి 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో ప్యూర్టోరికో పాత్రలకు ఇతరులను తీసుకుని ముఖానికి ముదురు రంగు పూశారు. స్వయంగా ప్యూర్టోరికోలో పుట్టిన రీటా మొరెనోకు కూడా ఆ రంగు తప్పలేదు. 2021లో స్పీల్‌బర్గ్ అదే నాటకాన్ని తీసినప్పుడు ఆ పాత్రలకు లాటిన్ మూలాలున్న నటులను ఎంచుకున్నారు. ఇటువంటి చరిత్ర తెలిసి విమర్శిస్తే అది విమర్శ. నటి మేనిఛాయ మీద పరిహాసం ఆడితే దానికి విమర్శ అన్న పేరు తగదు.

ఇక దృశ్యాలు. ఇక్కడ తొందరపాటుకు మొదటి కారణం మన ఫోనే. వికెడ్ ట్రైలర్లు వచ్చినప్పుడు రంగులు వెలిసిపోయినట్టున్నాయని చాలామంది అన్నారు. ఆ మాట అనేముందు ఏ బొమ్మను చూసి అంటున్నారో చూసుకోవాలి. వాట్సాప్ స్టేటసులో పదిమంది చేతులు మారి వచ్చిన వీడియోలో పచ్చరంగు బూడిదరంగుకు తిరుగుతుంది, నల్ల టోపీ అంచులు చీకటిలో కలిసిపోతాయి. రాత్రిపూట కంటికి హాయిగా ఉండాలని పెట్టుకున్న పసుపు వెలుగు దానికి తోడవుతుంది. ఆ సెట్టింగు తీసివేసి, నిర్మాణ సంస్థ స్వయంగా విడుదల చేసిన ట్రైలరును పూర్తి నాణ్యతలో, వీలైతే టీవీలో చూడండి. ఒకే షాటును రెండుచోట్లా ఆపి పోల్చండి. అప్పటికీ రంగు వెలిసినట్టే ఉంటే మీ ఫిర్యాదు బలమైనది. వికెడ్ విషయంలో అది నిలిచిన ఫిర్యాదే అని నా అభిప్రాయం. దర్శకుడు జాన్ ఎం. చూ, కథ జరిగే ఓజ్ అనే ఊహాలోకం దుమ్ము, అరుగుదల ఉన్న నిజమైన చోటులా కనబడాలని అలా చేశానన్న అర్థం వచ్చేలా సమాధానం చెప్పారు. ఇంగ్లండులో 90 లక్షల తులిప్ మొక్కలను నిజంగా నాటించి, ఆ పూల రంగును తెర మీద తగ్గించడం ఎందుకన్న ప్రశ్నకు అది సగం సమాధానమే.

ట్రైలరును చూసి సినిమాను తీర్మానించకూడదన్న నియమానికి మినహాయింపు కూడా ఉంది. 2019 జూలైలో 'క్యాట్స్' ట్రైలరు రాగానే, మనిషి ముఖానికి కంప్యూటరుతో పిల్లి బొచ్చు అతికించిన తీరు చూసి జనం జడుసుకున్నారు. డిసెంబరులో సినిమా వచ్చినప్పుడూ అదే మాట అన్నారు. విడుదలైన తరువాత సరిచేసిన ప్రతిని మళ్లీ థియేటర్లకు పంపవలసి వచ్చింది. రంగస్థలం మీద దుస్తులు, రంగు పూసిన ముఖం చూసి ప్రేక్షకుడు "ఇది పిల్లి" అని ఒప్పుకుంటాడు, ఎందుకంటే అక్కడ ఊహకు చోటు మిగిలి ఉంది. బొచ్చులో ప్రతి వెంట్రుకనూ చూపించిన తరువాత ఊహించడానికేమీ మిగలదు. దృశ్యాల మీద రాసేటప్పుడు "సినిమా ఏమి చూపింది" అన్నదానితో పాటు, నాటకం ఊహకు వదిలిన దేనిని సినిమా చూపించిందో కూడా రాయండి.

పోస్టరును మార్చడం గురించి ఒక హెచ్చరిక. 2024 అక్టోబరులో ఒక అభిమాని వికెడ్ సినిమా పోస్టరును నాటకం పోస్టరులా మార్చి, టోపీని కిందికి దించి ఎరివో కళ్లు కనబడకుండా చేశాడు. నాటకం మీద ప్రేమతోనే చేసి ఉండవచ్చు. ఆమె మాత్రం తన ముఖాన్ని దాచడం తనను చెరిపివేయడమేనని బాధపడుతూ బహిరంగంగా రాసింది. పాత పోస్టరు మీకు నచ్చితే రెండు పోస్టర్లనూ పక్కపక్కన పెట్టి కారణం రాయండి. ముఖం జోలికి పోవద్దు.

రాసేటప్పుడు పాత్రధారుల ప్రకటన నాటి అభిప్రాయం, మొదటి చిత్రం నాటిది, ట్రైలరు నాటిది, సినిమా చూసిన తరువాతది అని తేదీలతో విడివిడిగా ఉంచండి. పాతదానిని చెరిపివేయకుండా దాని కింద కొత్తది చేర్చండి. "హీరోయిన్ సెట్ కాలేదు" అని రాయడానికి బదులు, "చివరి పాటలో గొంతు పైస్థాయికి వెళ్లినప్పుడు కెమెరా ఆమె ముఖం మీద నిలవలేదు, అందువల్ల నాకు ఆ ఎత్తు అందలేదు" అని రాస్తే, మీతో ఏకీభవించనివారు కూడా ఆ షాటును మళ్లీ చూసి సమాధానం చెప్పగలుగుతారు. వికెడ్ వంటి సినిమాకు మరొక జాగ్రత్త కావాలి. నాటకంలో పావుగంట విరామంగా ఉన్నది సినిమాలో ఏడాది అయింది. రెండవ భాగం 2025 నవంబరులో వచ్చింది. మొదటి భాగం చూసి ఒక పాత్రధారి తేలిపోయాడని రాసి ఉంటే, రెండవ భాగం చూసేదాకా ఆ వరుస కింద కొంత ఖాళీ వదిలి ఉంచండి.