పాత కర్రతో కొత్త పని – మూడో పాఠం: దాగిన మేకులు

పోయిన పాఠంలో కూల్చిన ఇంటి కర్రను వేరు చేశాం. చెద తిన్నది, పుచ్చి గుల్లబారినది పక్కకు పోయింది. ప్లైవుడ్, ఎండీఎఫ్ (కర్ర పీచును జిగురుతో అదిమి చేసిన పలక) ముక్కలు వేరే కుప్ప. వాటిలో జిగురు ఉంటుంది కాబట్టి పొయ్యిలో పెట్టొద్దనీ చెప్పుకున్నాం. ఇక చేతిలో మిగిలింది చేవగల కర్ర: ద్వారబంధాలు, కిటికీ చట్రాలు, వాసాలు. ఈ పాఠమంతా వాటిలోని ఇనుము గురించే.

చాలామంది తొందరపడేది ఇక్కడే. పైకి కనిపించిన నాలుగు మేకులు పీకేసి, కర్రను నేరుగా కోత మిల్లుకు తీసుకెళ్తారు. లోపల ఒక్క మేకు మిగిలినా రంపం పళ్ళు పోతాయి. విరిగిన ముక్క ఎగిరి కోసేవాడి కంట్లో పడొచ్చు. మనం చేసే ఈ పని అతని కోసం కూడా.

మొదట రంగు సంగతి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగును పొడిగా సాండ్‌పేపర్‌తో రుద్దొద్దు, కాల్చి ఊడగొట్టొద్దు. ఆ దుమ్ము పిల్లలకు మరీ ప్రమాదం. నీళ్ళు చల్లి, తడి ఆరకముందే గీకండి. మాస్కు తప్పనిసరి.

ఇప్పుడు వెతుకులాట. వైరు బ్రష్షుతో మట్టి, సున్నం పోయేలా తోమండి. కర్రను వెలుగుకు ఏటవాలుగా పట్టి చూడండి. టేకులోనో, మద్దిలోనో చిన్న నల్లటి మచ్చ, దాని నుంచి నార వెంట సాగిన నీలినలుపు గీత కనిపిస్తే అక్కడ మేకు ఉందనో, ఒకప్పుడు ఉండేదనో అనుకోవాలి. కర్రలోని వగరు, ఇనుము, తడి కలిస్తే అలా నల్లబడుతుంది. తల తెగిపోయిన మేకును పట్టిచ్చేది చాలాసార్లు ఈ మచ్చే. తర్వాత పాత స్పీకరు అయస్కాంతాన్ని దారానికి కట్టి, కర్ర మీద నెమ్మదిగా జరపండి. లాగిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. లోతుగా ఉన్న మేకు ఒకవైపు తెలియకపోవచ్చు, కాబట్టి నాలుగు ముఖాలూ చూడాలి. ఇత్తడి స్క్రూలను అయస్కాంతం పట్టదు. గడియలు, బందులు ఉన్న చోట్లు కళ్ళతోనే వెతకాలి.

తీయడంలో ఒక కిటుకుంది. తుప్పు పట్టిన మేకును ముందు లాగకండి. తల మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి కాస్త లోపలికి దించండి. తుప్పు పట్టు వదులుతుంది, ఆ తర్వాత లాగితే వస్తుంది. స్క్రూ అయినా అంతే: ముందు కొంచెం బిగించి, తర్వాత విప్పాలి. మేకు లాగేటప్పుడు సుత్తి కింద పలచటి చెక్కముక్క పెడితే కర్రకు నొక్కు పడదు. మొన వెనక్కి పొడుచుకొస్తే దాన్ని నిటారు చేసి, అటువైపు నుంచి కొట్టి తల లేపండి. తల లేని మేకు చుట్టూ సన్నటి ఉలితో నార వెంట కొద్దిగా తవ్వి, పట్టకారుతో పట్టుకోండి. అడ్డంగా తవ్వితే కర్ర పెచ్చులూడుతుంది.

తీసిన ప్రతి మేకూ వెంటనే డబ్బాలో పడాలి, నేల మీద కాదు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. మేకు గుచ్చుకుంటే డాక్టరును కలిసి టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి.

ఈ వారం సాధనకు మూరెడు ద్వారబంధం ముక్క చాలు. మేకులన్నీ తీశాక మళ్ళీ అయస్కాంతం తిప్పి చూడండి. వచ్చే పాఠానికి ఆ ముక్క, కొంచెం ఫెవికాల్, అదే జాతి కర్ర పుల్లలు సిద్ధంగా పెట్టుకోండి. రంధ్రాలు పూడ్చి, చిత్రిక పడదాం.