అడవి అంచున సేద్యం: సిరొంచ రైతులు ముందుగా చేయవలసిన పనులు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ఎగువన టేకు, ఇప్ప, తునికి చెట్లు, దిగువన పత్తి, మిరప, వరి చేలు ఉన్న ఊళ్లలో చేను బాగుపడాలంటే పనిని అడవి అంచు నుంచే మొదలుపెట్టాలి. ఎరువుల లెక్క ఆ తరువాతి మాట. రాలిన ఆకు నేలను కప్పి ఉన్నంతకాలం వాన నీరు ఇంకుతుంది, అది కాలిపోయిన చోట తొలకరికే పైమట్టి కొట్టుకొచ్చి వాగులోనో చెరువులోనో పేరుకుంటుంది.

కాబట్టి మొదట ఆపవలసింది నిప్పు. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలే ఇప్పపువ్వు కనబడాలని చెట్టు కింది ఆకులకు అగ్గి పెట్టడం, బీడీ ఆకు ఇచ్చే తునికి బాగా చిగురిస్తుందని పొదలు తగలబెట్టడం పాత అలవాట్లే. దానికి బదులు చెట్టు కింద ఊడ్చి పాత చీరలు గానీ వలలు గానీ పరిస్తే పువ్వు మట్టి అంటకుండా దొరుకుతుంది. తునికి పొదలను కత్తితో నేలమట్టానికి కొట్టినా చిగురు వస్తుంది. ఊడ్చిన ఆకును పువ్వు ఏరడం ముగిశాక మళ్లీ చెట్టు మొదట్లోనే పరచాలి, గంపలకొద్దీ చేనికి మోసుకుపోతే నిప్పు ఆపిన ఫలం సగం పోయినట్టే.

ఇది ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడుకునే హక్కును గ్రామసభకు ఇచ్చింది. ఇదే జిల్లాలోని మెండా లేఖా గ్రామం 2009లో ఆ హక్కు పొందింది. నిప్పు కాపలా వంతులను, అడవిలోకి పశువులు పోకూడని చోట్లను గ్రామసభలోనే తీర్మానించి రాసుకోవడం మేలు.

వాలు చేలలో గట్లను కంటి అంచనాతో వేయకండి. రెండు సమానమైన వెదురు కర్రలను పైన కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర బిగించి, పైనుంచి రాయి కట్టిన తాడు వేలాడదీయండి. దాన్ని నేల మీద నిలబెట్టి, అడ్డకర్ర మీద తాడు ఆగిన చోట గుర్తు పెట్టి, కర్రల కాళ్లను అవే చోట్ల తారుమారు చేసి మరో గుర్తు పెట్టాలి. ఆ రెండింటి సరిమధ్య మీద తాడు నిలిస్తే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అలా కాలు మార్చుకుంటూ మేకులు దిగగొట్టి, ఆ వరుసలోనే గట్టు వేసి, దున్నకం కూడా దాని వెంబడే సాగించాలి. ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది వేస్తే నేలకు నత్రజని, ఇంటికి పప్పు. మందు కొట్టిన పంపును మాత్రం వాగులో కడగకూడదు.

అడవి గేదెల కోసం 2013లో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన కోలామార్క చుట్టుపక్కల వారికి ఇంకొక బాధ్యత ఉంది. ఊరి బర్రెలను అక్కడ విడిచిపెడితే సంకరం జరుగుతుంది, రోగాలూ పాకుతాయి. గాలికుంటు టీకా వేయించి, కట్టేసి మేపాలి.

అడవి పందులను ఆపడానికి కంచెకు కరెంటు పెట్టడం నేరం, పైగా మనుషులూ చనిపోతున్నారు. అడవి జంతువుల వల్ల పంట నష్టపోతే కాలిజాడలు చెరగకముందే ఫోటోలు తీసి, పంచనామా కోసం అటవీ సిబ్బందికి వెంటనే రాతపూర్వకంగా తెలపండి.