స్ట్రాన్షియం టైటనేట్‌ను హైడ్రోజన్ ఉత్పత్తికి తీర్చిదిద్దే విధానం

కాంతితో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే లోహ ఆక్సైడ్ కాంతి ఉత్ప్రేరకాలపై పని మొదలుపెట్టేవారు చాలామంది ముందుగా బ్యాండ్ గ్యాప్‌ను (పదార్థంలో ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి కాంతి ఇవ్వవలసిన కనీస శక్తిని) తగ్గించే ప్రయత్నంలో పడతారు. పొడికి రంగు వస్తుంది, హైడ్రోజన్ మాత్రం రాదు. కాంతి పుట్టించిన ఎలక్ట్రాన్లు, రంధ్రాలు (ఎలక్ట్రాన్లు వదిలివెళ్లిన ధనావేశపు చోట్లు) ఉపరితలానికి చేరకముందే ఒకదానితో ఒకటి కలిసిపోవడమే ఇందుకు తరచుగా కారణం. కాబట్టి ముందు స్ఫటికంలోని లోపాలను సరిచేయాలి. గ్యాప్ సంగతి తర్వాత.

స్ట్రాన్షియం టైటనేట్ గ్యాప్ సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. దానిలో ఆక్సిజన్ ఖాళీలు ఏర్పడినచోట కొన్ని టైటానియం అయాన్ల ఆవేశం నాలుగు నుంచి మూడుకు దిగి, ఆ చోట్లు ఆవేశాలు వృథాగా కలిసిపోవడానికి నెలవులవుతాయి. టైటానియం స్థానంలో కొద్దిపాటి అల్యూమినియం చేరితే ఈ బెడద తగ్గుతుంది.

స్ట్రాన్షియం టైటనేట్, అల్యూమినియం ఆక్సైడ్, స్ట్రాన్షియం క్లోరైడ్‌లను 1 : 0.02 : 10 మోలార్ నిష్పత్తిలో కలిపి మెత్తగా నూరి, అల్యూమినా మూసలో 1150 డిగ్రీల సెల్సియస్ వద్ద 10 గంటలు వేడిచేయాలి. క్లోరైడ్ కరిగి ద్రవమవుతుంది, అందులో స్ఫటికాలు చక్కని ముఖాలతో పెరుగుతాయి. మూస గోడల నుంచి కూడా కొంత అల్యూమినియం పొడిలోకి చేరుతుంది. అందుకే మూస రకం మారిస్తే నమూనా కూడా మారినట్టే లెక్క. చల్లారిన ముద్దను, కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేసినా తెల్లని అవక్షేపం (మిగిలిన క్లోరైడ్‌కు గుర్తు) రాకుండా పోయే వరకు కడగాలి.

తర్వాత పొడిని నీటిలో కలియబెడుతూ జినాన్ దీపం కింద ఉంచి, బరువులో 0.1 శాతం రోడియం వచ్చేలా రోడియం క్లోరైడ్, 0.05 శాతం క్రోమియం వచ్చేలా పొటాషియం క్రోమేట్, 0.05 శాతం కోబాల్ట్ వచ్చేలా కోబాల్ట్ నైట్రేట్ ఇదే వరుసలో చేర్చాలి. వరుస తప్పకూడదు. ఎలక్ట్రాన్లు వెలువడే ముఖాలపై రోడియం, రంధ్రాలు వెలువడే ముఖాలపై కోబాల్ట్ చేరతాయి. రోడియంపై క్రోమియం ఆక్సైడ్ పొర కప్పి, పుట్టిన హైడ్రోజన్, ఆక్సిజన్‌తో కలిసి మళ్లీ నీరు కాకుండా అడ్డుకుంటుంది.

పరీక్షలో మిథనాల్ కలిపితే హైడ్రోజన్ అంకె ఘనంగా కనిపిస్తుంది కానీ, రంధ్రాలను మిథనాలే వాడేసుకుంటుంది కనుక అది నీటి విభజనకు రుజువు కాదు. శుద్ధ నీటిలో హైడ్రోజన్, ఆక్సిజన్ 2 : 1 నిష్పత్తిలో రావాలి, చీకటిలో ఏదీ రాకూడదు, వాయువులను వేరుచేసి కొలిచే క్రోమటోగ్రాఫ్‌లో నైట్రోజన్ పెరిగితే గాలి చొరబడుతోందని గ్రహించాలి. ఈ వాయు మిశ్రమం పేలగలదు కనుక దాన్ని పోగుపడనివ్వకూడదు.

జపాన్‌లో తకాతా, డోమెన్ బృందం 2020లో ఈ పదార్థంతోనే 350–360 నానోమీటర్ల కాంతిలో 96 శాతం వరకు క్వాంటమ్ సామర్థ్యం (పడిన కాంతి కణాల్లో పనికివచ్చిన వాటి వాటా) సాధించింది. అయినా 2021లో ప్రకటించిన 100 చదరపు మీటర్ల ఫలకాల వ్యవస్థలో సౌరశక్తి నుంచి హైడ్రోజన్‌కు గరిష్ఠంగా అందింది 0.76 శాతమే, ఎందుకంటే ఎండలో ఈ పదార్థం వాడుకోగల అతినీలలోహిత భాగం తక్కువ. గ్యాప్‌ను పట్టించుకోవలసింది ఈ దశలోనే: లాంథనం, రోడియం చేర్చిన స్ట్రాన్షియం టైటనేట్ సుమారు 520 నానోమీటర్ల వరకు కాంతిని గ్రహిస్తుంది, అయితే ఆక్సిజన్ వైపు పనికి దానికి బిస్మత్ వనడేట్ వంటి మరో ఉత్ప్రేరకాన్ని జతచేయాలి.