థాయ్ హోస్ట్ కుటుంబంతో సొంగ్‌క్రాన్‌కు ఊరెళ్లే ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు

ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సొంగ్‌క్రాన్, అంటే థాయ్ కొత్త సంవత్సరం. బ్యాంకాక్‌లో ఉద్యోగాలు చేసే కుటుంబాలు ఆ రోజులకు సొంతూరు చేరతాయి. హోస్ట్ కుటుంబంతో ఉండే విద్యార్థిని కూడా ఇంటి బిడ్డలాగే వెంటబెట్టుకు వెళ్తారు.

ఈ ప్రయాణంలో వచ్చే చిక్కులు చాలావరకు మొహమాటం వల్ల వచ్చేవే. థాయ్‌లో దాన్ని ‘క్రెంగ్ జాయ్’ అంటారు. అవతలివాళ్లకు ఇబ్బంది కలగకూడదని మనసులో మాట మింగేయడం. కారులో కడుపులో తిప్పుతున్నా మీరు చెప్పరు. మీ ప్రవేశ టికెట్టుకు వాళ్ల టికెట్టుకు పదింతలైనా వాళ్లు చెప్పరు. అందుకే అడగాల్సినవన్నీ ఇంటి దగ్గర ఉండగానే అడిగేయండి.

మూడు వారాల ముందు అనుమతి పని మొదలుపెట్టండి. రాత్రి బయట బస చేసే ప్రయాణానికి చాలా ఎక్స్ఛేంజ్ సంస్థలు రాతపూర్వక అనుమతి అడుగుతాయి. వెళ్లే తేదీలు, బస చేసే ఇంటి చిరునామా, అక్కడి పెద్దల ఫోన్ నంబరు, ఏ వాహనం, ఎవరు నడుపుతారు అన్నవి ఒక కాగితం మీద రాసి ఇస్తే పని త్వరగా అవుతుంది. ఆ కాగితం నకలు, పాస్‌పోర్టు, బీమా కార్డు మీ దగ్గరే ఉంచుకోండి, కారు డిక్కీలో పెట్టే బ్యాగులో వద్దు.

ఈశాన్యంలోని ఉదోన్ థానీ, నోంగ్ ఖాయ్ వైపు వెళ్లేవాళ్లు ఒక విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. మెకాంగ్ మీది మైత్రీ వంతెన దాటితే లావోస్. ‘ఒక్క పూట లావోస్ రాజధాని వియంటియాన్ చూసొద్దాం’ అని ఎవరో ఒకరు అంటారు. రీ-ఎంట్రీ పర్మిట్, అంటే అదే వీసా మీద తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి, లేకుండా సరిహద్దు దాటితే మీ విద్యార్థి వీసా అక్కడికక్కడే రద్దవుతుంది. థాయ్ పౌరులకు ఆ పర్మిట్ అవసరం ఉండదు కాబట్టి ఇంట్లోవాళ్లకు గుర్తు రాదు. టీఎం 8 ఫారం, ఫొటో, పాస్‌పోర్టు తీసుకుని ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లండి. ఒక్కసారికి 1,000 బాత్, ఎన్నిసార్లైనా వెళ్లిరావాలంటే 3,800 బాత్. పండగ రోజుల్లో ఆఫీసులు మూసేస్తారు, ముందు వారమే పూర్తిచేసుకోండి. లావోస్ వీసా సంగతి వేరే, మీ పాస్‌పోర్టుకు ఏ నియమమో విడిగా చూసుకోవాలి.

డబ్బు దగ్గర అసలు ఇబ్బంది ప్రవేశ రుసుము. ఖావో యాయ్ జాతీయ పార్కులో థాయ్ పెద్దలకు 40 బాత్ అయితే విదేశీయులకు 400. బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్ థాయ్ వాళ్లకు ఉచితం, విదేశీయులకు 500. గేటు దగ్గర ఈ తేడా చూసి హోస్ట్ నాన్న మౌనంగా డబ్బు తీసేస్తారు. ‘నా ప్రవేశ టికెట్లు నేనే కొనుక్కుంటాను’ అని బయల్దేరక ముందే చెప్పండి. భోజనాల డబ్బు ఇవ్వబోతే మాత్రం నొచ్చుకుంటారు. దానికి బదులు దారిలో అందరికీ పళ్లో, చల్లని పానీయాలో కొనండి. 20, 100 బాత్ నోట్లు దగ్గరుంచుకోండి.

మాంసం తిననివాళ్లు కూర పేరు చూసి మోసపోకూడదు. ఉత్త ఆకుకూర వేపుడులోనూ చేపల సాస్ ‘నామ్ ప్లా’ గానీ, ఆయిస్టర్ సాస్ గానీ ఉంటుంది. ఎర్ర కర్రీ ముద్దలో రొయ్యల ముద్ద ‘కపి’ నూరతారు. ఈశాన్యంలో బొప్పాయి సలాడ్‌లో పులియబెట్టిన చేప ‘ప్లా రా’ వేస్తారు. ‘జే’ అని చెబితే ఇవేవీ వేయరు గానీ గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారు. గుడ్డు తినేవాళ్లు ‘మంగ్‌సవిరత్, కిన్ ఖాయ్ దాయ్’ (శాకాహారం, గుడ్డు తింటాను) అనాలి. అలర్జీ ఉంటే నోటిమాట చాలదు. స్కూల్లో టీచరు చేత థాయ్ లిపిలో చీటీ రాయించుకుని, వంట చేసే యాయ్‌కి మొదటి రోజే చూపించండి.

యాయ్ అంటే అమ్మమ్మ. నాయనమ్మ ‘యా’, అమ్మ నాన్న ‘తా’, నాన్న నాన్న ‘పూ’. అమ్మానాన్నల అన్నలు ‘లుంగ్’, అక్కలు ‘పా’. అమ్మ తమ్ముళ్లు, చెల్లెళ్లయితే ‘నా’, నాన్న తమ్ముళ్లు, చెల్లెళ్లయితే ‘ఆ’. మగైనా ఆడైనా అదే పిలుపు. పెద్దమ్మ, పిన్ని అని వయసును బట్టి పిలిచే మనకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. కారు దిగగానే వయసులో పెద్దవారితో మొదలుపెట్టి చేతులు జోడించండి. బొటనవేళ్లు ముక్కును తాకేలా తల వంచాలి.

బ్యాంకాక్ నుంచి ఈశాన్యంలోని ఖోన్ కేన్ సుమారు 450 కిలోమీటర్లు. మామూలుగా ఆరు గంటల ప్రయాణం, పండగ రద్దీలో రెట్టింపు కావచ్చు. చాలా కుటుంబాలు తెల్లవారుజామునే బయల్దేరతాయి. కడుపులో తిప్పే అలవాటుంటే మందు బయల్దేరడానికి అరగంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. పెట్రోలు బంకు దగ్గర ఆగిన ప్రతిసారీ దిగండి, తర్వాత ఎప్పుడు ఆగుతారో చెప్పలేం. పికప్ వెనక తొట్టిలో కూర్చోమన్నా, బంధువుల కుర్రాడు మోటార్‌సైకిల్ ఎక్కమన్నా ఒప్పుకోకండి. ఈ వారంలో రోడ్డు ప్రమాదాలు బాగా పెరుగుతాయి, వాటిలో ఎక్కువ మోటార్‌సైకిళ్లవే. ‘మా సంస్థ రూల్ ఒప్పుకోదు’ అంటే ఎవరూ నొచ్చుకోరు. అంబులెన్స్ నంబరు 1669, టూరిస్టు పోలీసు 1155.

భోజనంలో మామూలు అన్నానికి కుడిచేతిలో చెంచా, ఎడమచేతిలో ఫోర్క్. ఫోర్క్ అన్నాన్ని చెంచాలోకి నెట్టడానికే, నోట్లో పెట్టరు. బంక అన్నం ‘ఖావో నియావ్’ని చేత్తో చిన్న ఉండ చేసి కూరలో అద్దుకోవాలి. మధ్యలో పెట్టిన కూరలోంచి ఒకసారికి ఒకటి రెండు చెంచాలే వేసుకోండి. ఒకేసారి కంచం నింపుకుంటే మర్యాద కాదు.

పండగ రోజు పెద్దల చేతుల మీద నీళ్లు పోయడం అన్నిటికన్నా ముఖ్యం. వీధిలో నీళ్లాట తర్వాతి సంగతి. మల్లెపూలు, సుగంధం కలిపిన నీళ్ల గిన్నెతో మోకాళ్ల మీద కూర్చుని, చాచిన వాళ్ల అరచేతుల మీద సన్నటి ధారగా పోయాలి. పెద్దల తల మీద పోయకూడదు. దీవెన ముగిసేదాకా చేతులు జోడించే ఉండండి. వీధిలో భిక్షువుల మీద, పసిపిల్లల మీద, వాహనం నడిపేవాళ్ల మీద నీళ్లు చల్లకండి. ఫోన్‌కు నీళ్లు చొరని సంచి ముందే కొనుక్కోండి.

బట్టలు నాలుగు జతలు చాలు. గుడికి భుజాలు, మోకాళ్లు కప్పే జత ఒకటి, ఏసీ వాహనంలోకి పల్చటి జాకెట్, చటుక్కున విప్పగలిగే చెప్పులు, దోమల మందు. బ్యాగులో పావు వంతు ఖాళీ ఉంచండి. బయల్దేరేటప్పుడు యాయ్ బియ్యమో, మామిడికాయలో కట్టిస్తుంది. వద్దనకుండా రెండు చేతులతో అందుకోండి.